పంటి నొప్పికి దంత వైద్యుడు: లాటిన్ రూట్స్ బట్టీ పట్టాలా?

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. టెన్త్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ పూర్తి చేసి, విశాఖపట్నం ద్వారకానగర్‌లో హాస్టల్లో ఉంటూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్షకి కోచింగ్ తీసుకుంటున్నాను. వొకాబులరీ కోసం మా ఇంగ్లిష్ సార్ లాటిన్ రూట్స్ అని, అంటే ఇంగ్లిష్ మాటలకి మూలమైన లాటిన్ ముక్కలని, పెద్ద జిరాక్స్ కట్ట ఇచ్చి బట్టీ పట్టమన్నారు. రాత్రి చదివింది పొద్దున్నకి ఉండట్లేదు. నా రూమ్మేట్ చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. "చచ్చిపోయిన భాషతో నీకేం పనే" అని నవ్వుతుంది. నాకు ఇంగ్లిషే అంతంతమాత్రం, మళ్ళీ లాటిన్ కూడానా అని టెన్షన్‌గా ఉంది. వదిలేయమంటారా? ఇంకొక సందేహం. రోమ్ సైనికులకి ఉప్పు జీతంగా ఇచ్చేవారు కాబట్టే జీతాన్ని శాలరీ అంటారని సార్ చెప్పారు. నిజమేనా?
– ఒక చదువరి, ద్వారకానగర్

జవాబు:

అమ్మా,

వదిలేయొద్దు. ఆ జిరాక్స్ కట్టని మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఒకవైపు రూటు, ఒకవైపు అర్థం వేసి వరసగా అచ్చేసిన పట్టీ ఎవరికీ గుర్తుండదు. 'డక్ట్ అంటే నడిపించు, మిట్ అంటే పంపు, సీడ్ అంటే వెళ్ళు' అని ఎన్నిసార్లు వల్లె వేసినా, అందులో నీకు ముందే తెలిసిన మాట ఒక్కటైనా లేకపోతే అవి నిలవవు. నీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు.

ముందు మీ రూమ్మేట్ సంగతి చూద్దాం. లాటిన్ ఇవాళ ఎవరి ఇంట్లోనూ మాట్లాడుకునే భాష కాదు, అంతవరకు ఆ అమ్మాయి మాట నిజమే. కానీ తెలుగు పేపరే తెరిచి చూడు. ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. హైకోర్టు స్టేటస్ కో పాటించమంటుంది, లేదా సుమోటోగా కేసు తీసుకుంటుంది. కౌన్సిల్ సమావేశం కోరం లేక వాయిదా పడుతుంది. ఇవన్నీ ఇంగ్లిష్ వేషం కూడా వేసుకోని అచ్చమైన లాటిన్ మాటలు. ఎక్స్‌గ్రేషియా అంటే 'దయతో', అంటే చట్టప్రకారం ఇవ్వాల్సిన బాకీ కాకపోయినా ఇచ్చేది. సుమోటో 'తన కదలికతోనే'. నువ్వు కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి బోనఫైడ్ కావాలని అడిగి ఉంటావు. అది 'మంచి నమ్మకంతో'. నోటరీ దగ్గర సంతకం పెట్టే అఫిడవిట్ ఒక పూర్తి వాక్యం, 'ప్రమాణం చేసి చెప్పాడు' అని. ల్యాబ్ ఎగ్జామ్‌లో నిన్ను వణికించిన వైవా కూడా లాటినే. దాని పూర్తి పేరు వైవా వోచే, అంటే 'సజీవమైన గొంతుతో'. చచ్చిపోయిన భాషే, కానీ మన ఆఫీసుల్లోనూ కోర్టుల్లోనూ ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఇంగ్లిష్‌లోకి ఇంత లాటిన్ ఎలా వచ్చిందో తెలిస్తే నీ భయం సగం పోతుంది. ఇంగ్లిష్ పుట్టుకతో జర్మన్ భాషకు చుట్టం. తినడం, తాగడం, ఇల్లు, నీళ్ళు, అమ్మ, చెయ్యి, పన్ను లాంటి ఇంటి మాటలన్నీ దాని సొంత సొత్తే. తర్వాత 597లో రోమ్ నుంచి మతబోధకులు వచ్చారు, వాళ్ళతో పాటు చర్చి లాటిన్ వచ్చింది. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండ్‌ని గెలిచాడు. అక్కడి నుంచి కొన్ని తరాల పాటు రాజుగారి కొలువులోనూ కోర్టులోనూ ఫ్రెంచ్ నడిచింది. ఫ్రెంచ్ లాటిన్‌కి కూతురే. ఆ తర్వాత పండితులు నేరుగా లాటిన్ పుస్తకాల్లోంచే మాటలు ఎత్తుకొచ్చారు. 1687లో అచ్చయిన ప్రిన్సిపియా అనే పుస్తకాన్ని న్యూటన్ రాసిందే లాటిన్‌లో. ఇలా వంటింటి మాటలు ఒక భాషవి, ఆఫీసు మాటలు ఇంకో భాషవి అయిపోయాయి.

ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? పంటి నొప్పి వస్తే మనం దంత వైద్యుడి దగ్గరికి వెళ్తాం. పళ్ళ డాక్టరని ఇంట్లో అనుకుంటాం గానీ బోర్డు మీద మాత్రం దంత వైద్యశాలే. కన్ను నొప్పి పెడితే నేత్ర వైద్యుడు. ఇల్లు కట్టుకుంటాం, గృహప్రవేశం చేస్తాం. తల్లి నేర్పిన భాషకి మాతృభాష అని పేరు పెడతాం. రోజూ వాడేది తెలుగు మాట, బోర్డెక్కేది సంస్కృత మాట. ఇంగ్లిష్ వాడూ అంతే. వాడికి నొప్పి పెట్టేది టూత్, చూసేవాడు డెంటిస్ట్. కనేది మదర్, కాన్పు వార్డు పేరు మెటర్నిటీ. చెయ్యి హ్యాండ్, చేత్తో చేసే పని మాన్యువల్. రాత్రి నైట్, రాత్రిపూట తిరిగే జంతువు నాక్టర్నల్. చంద్రుడు మూన్, చంద్రుడికి సంబంధించినదంతా లూనార్. ఆర్కే బీచ్‌లో చేపలు చూపించే చోటికి మనవాళ్ళు మత్స్యదర్శిని అని పేరు పెట్టారు, ఇంగ్లిష్‌లో దాన్నే అక్వేరియం అన్నారు. ఒకరు చేపని వదిలి మత్స్యాన్ని పట్టుకున్నారు, ఇంకొకరు వాటర్‌ని వదిలి ఆక్వాని పట్టుకున్నారు. పేరు పెట్టేటప్పుడు గొప్ప భాషలోకి వెళ్ళాలనే మోజు రెండు చోట్లా ఒకటే.

కాబట్టి తెలుగు మీడియంలో చదివానని చిన్నబుచ్చుకోకు. రెండంతస్తుల భాష ఎలా నడుస్తుందో నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఈ విషయంలో మీ రూమ్మేట్ కన్నా నువ్వే ఒక మెట్టు పైన ఉన్నావు. ఎందుకంటావా, ఆ పై అంతస్తులో ఉండే సంస్కృతానికీ లాటిన్‌కీ బంధుత్వం ఉంది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అనే జడ్జిగారు సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని బాహాటంగా చెప్పాడు. అప్పటి నుంచి ఆ విషయం మీద చాలా పని జరిగింది, మాట నిలిచింది. ఒకటి గుర్తుంచుకో, లాటిన్ సంస్కృతం నుంచి పుట్టలేదు. రెండూ అక్కచెల్లెళ్ళు. తెలుగు ఈ కుటుంబంలోది కాదు, మనది ద్రావిడ కుటుంబం. ఆ సంగతిని మద్రాసులో ఎల్లిస్ అనే కలెక్టరు 1816లోనే అచ్చులో నిరూపించాడు. కానీ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు వేలకు వేలు ఉన్నాయి కదా, అవే నీకు పనికొచ్చే వంతెన.

నెలల పేర్లు చూడు. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్. వీటిలో ఉన్నవి సెప్టెం, ఆక్టో, నోవెం, డెకెం. సప్త, అష్ట, నవ, దశ అని పక్కన పెట్టి పైకి చదువు, చెవికే తెలుస్తుంది. మరి పదో నెల పన్నెండో స్థానంలోకి ఎలా వచ్చిందంటే, పాత రోమన్ సంవత్సరం మార్చితో మొదలయ్యేది. లెక్క మారింది, పేరు మారలేదు.

మీ పరీక్షలో వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్, అంటే వివరణ ఇచ్చి దానికి ఒకే మాట చెప్పమనే ప్రశ్న, వస్తుంది కదా. అందులో 'సైడ్'తో ముగిసే మాటలంటే వాళ్ళకి మహా ఇష్టం. ఆ సైడ్ అంటే చంపడం. పెస్టిసైడ్ అనే మాట మీ ఊళ్ళో ఎరువుల కొట్టు బోర్డు మీదే ఉంటుంది. ఇక ముందు ముక్క చూసుకుంటే చాలు. మ్యాట్రిసైడ్‌లో మాతృ, ప్యాట్రిసైడ్‌లో పితృ, ఫ్రాట్రిసైడ్‌లో భ్రాతృ, రెజిసైడ్‌లో రాజు. స్యూసైడ్‌లోని ముందు ముక్క మన 'స్వ'కి చుట్టం. బట్టీ పట్టాల్సింది ఏముంది ఇందులో?

ఇంకొంచెం కష్టమైనది తీసుకో. సోమ్నాంబులిస్ట్ అంటే నిద్రలో లేచి నడిచేవాడు. సోమ్నస్ నిద్ర, మన స్వప్నానికి బంధువు. ఆంబులారే నడవడం. 108 అంబులెన్స్‌లో ఉన్నది కూడా ఆ నడకే. యుద్ధాల్లో సైన్యం వెంట కదిలే ఆసుపత్రిని ఫ్రెంచ్ వాళ్ళు 'నడిచే ఆసుపత్రి' అనేవారు. వాడుకలో ఆసుపత్రి రాలిపోయి నడక ఒక్కటే మిగిలింది. ఆంబిడెక్స్‌ట్రస్ అంటే రెండు చేతులూ కుడిచేతులే అయినవాడు. డెక్స్‌టర్ మన దక్షిణానికి చుట్టం. ఆ మాట చూడగానే నీకు సవ్యసాచి అర్జునుడు గుర్తొస్తే ఇక మర్చిపోవు. యునానిమస్ అంటే ఒకే మనసు. మనవాళ్ళు దాన్ని ఏకగ్రీవం అన్నారు, అంటే ఒకే మెడ. మన పంచాయతీ ఎన్నికలు చూస్తే మనసు కన్నా మెడే నిజానికి దగ్గరేమో అనిపిస్తుంది, అది వేరే కథ.

ఇప్పుడు అసలు పని. ఒక్క రూటు తీసుకుని నమిలి చూద్దాం: స్పెక్ట్, అంటే చూడటం. నీకు తెలిసిన మాటలే చాలు. స్పెక్టకిల్స్, కళ్ళజోడు. ఇన్‌స్పెక్టర్, లోపలికి చూసేవాడు. ప్రాస్పెక్టస్, ముందుకి చూపించేది. రెస్పెక్ట్, వెనక్కి తిరిగి చూడటం. గౌరవమున్న మనిషి దాటిపోతే మనం వెనక్కి తిరిగి చూడమూ? సస్పెక్ట్, కింద నుంచి చూడటం. అనుమానం ఉన్నవాడు తలెత్తి తిన్నగా చూడడు, తల దించి కనుబొమల కింద నుంచి చూస్తాడు. పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరూ సస్పెక్టూ ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరి మాటల్లోనూ ఉన్నది ఒకే చూపు.

సంస్కృతంలో దీనికి సరిగ్గా జోడీ ఉంది, 'ఈక్ష'. చూడటం అనే అర్థం. నువ్వు రాయబోయే పరీక్షలో ఉన్నది అదే. పరి అంటే చుట్టూ, పరీక్ష అంటే చుట్టూ తిరిగి చూడటం. సమీక్ష, అపేక్ష, ఉపేక్ష, నిరీక్షణ, ప్రేక్షకుడు, వీక్షకుడు, అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇప్పుడు రెండింటినీ కలిపి చూడు. సర్కమ్ అంటే చుట్టూ. సర్కమ్‌స్పెక్ట్ అంటే అన్నివైపులా చూసుకుని అడుగు వేసేవాడు. ముక్కకి ముక్క పరీక్షే, అర్థం మాత్రం 'జాగ్రత్తపరుడు' వైపు వెళ్ళింది. ఎక్స్ అంటే బయటికి. ఎక్స్‌పెక్ట్ అంటే బయటికి చూడటం, ఎదురుచూడటం. మన నిర్ కూడా బయటికే. నిరీక్షణ అంటే బయటికి చూడటం, ఎదురుచూడటం. రోమ్‌లోనూ మన దగ్గరా ఎదురుచూసే మనిషి గుమ్మంలోకి వచ్చి వీధి వైపు చూస్తూనే ఉన్నాడన్నమాట. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నది కాదు, విడివిడిగా ఇద్దరికీ ఒకే ఆలోచన తట్టింది.

ఇందులో నీకు కావాల్సిన కిటుకు ఉంది. బరువంతా రూటు మీద ఉండదు, ముందు చేరే చిన్న ముక్క మీద ఉంటుంది. మనం వాటిని ఉపసర్గలంటాం, మీ సార్ ప్రిఫిక్స్ అంటారు. రూట్స్ వందల కొద్దీ ఉంటాయి. ఉపసర్గలు గట్టిగా వాడుకలో ఉన్నవి ఓ ఇరవై ముప్ఫై. ముందు వాటిని పట్టు. వాటిలో సగం నీకు వైజాగ్‌లో తిరుగుతుంటేనే దొరుకుతాయి. సబ్ అంటే కింద. సబ్ కలెక్టర్, సబ్ రిజిస్ట్రార్, సబ్ ఇన్‌స్పెక్టర్ అని రోజూ అంటూనే ఉన్నావు. బీచ్ రోడ్డులో కుర్సురా ఉంది కదా, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై, మరుసటేడు మ్యూజియంగా మారిన సబ్‌మెరైన్. సబ్ కింద, మెరైన్ సముద్రానిది. ఆ టికెట్ ఎందుకు కొన్నావో ఆ మాటే చెబుతోంది. నేవీ, నావల్, నావిగేషన్ మాటల్లోని నావిస్ మన నౌకకి, నావకి సొంత చెల్లెలు. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో ఉండి ఆ మాట మర్చిపోతే నేనేం చెప్పలేను.

ఇక మన పోర్టు. 1933లో మొదలైంది. లాటిన్‌లో పోర్టుస్ అంటే రేవు, పోర్టారే అంటే మోయడం. రెండూ దగ్గరి చుట్టాలే, కానీ వేర్వేరు మాటలు. మోతవైపు సంతానం చాలా పెద్దది. ఇంపోర్ట్ లోపలికి మోయడం, ఎక్స్‌పోర్ట్ బయటికి మోయడం, ట్రాన్స్‌పోర్ట్ అటు నుంచి ఇటు మోయడం, రిపోర్ట్ వెనక్కి మోసుకొచ్చి చెప్పడం, సపోర్ట్ కింద నుంచి మోయడం. రైల్వే స్టేషన్లో పోర్టర్ సరేసరి. రేవువైపు సంతానంలో ముచ్చటైనది ఆపర్చునిటీ. ఓడని రేవు వైపు తోసే గాలి, అది అసలు అర్థం. తెరచాప కాలంలో ఆ గాలి వీచినప్పుడే ఒడ్డుకి చేరాలి, లేకపోతే సముద్రంలోనే పడి ఉండాలి. ఈ ఊరి వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

సపోర్ట్‌లో సబ్ ఎక్కడుంది అని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. వచ్చిందంటే బాగా చదువుతున్నావని. అక్కడ సంధి జరిగింది. తెలుగు మీడియం నీకు పెట్టిన రెండో వరం ఇదే. సత్ పక్కన జనుడు వస్తే సజ్జనుడు, జగత్ పక్కన నాథుడు వస్తే జగన్నాథుడు, ఉత్ పక్కన లాసం వస్తే ఉల్లాసం అని టెన్త్‌లో మార్కుల కోసం నేర్చుకున్నావు కదా. లాటిన్‌లోనూ అదే తంతు. వెనక వచ్చే హల్లు ముందున్నదాన్ని తనలా మార్చేసుకుంటుంది. సబ్ పక్కన పోర్ట్ వస్తే సపోర్ట్, అందుకే అందులో పీలు రెండు. ఇన్ పక్కన లీగల్ వస్తే ఇల్లీగల్, రెగ్యులర్ వస్తే ఇర్రెగ్యులర్, పాసిబుల్ వస్తే ఇంపాసిబుల్. ఇంగ్లిష్ మీడియం పిల్లలు కూడా వీటిని నాలుగు వేర్వేరు ప్రిఫిక్స్‌లుగా బట్టీ పడతారు. నీకు ఒక్కటే.

దీనివల్ల స్పెల్లింగ్ కూడా కుదురుతుంది. మీ ద్వారకానగర్ సందుల్లో లేడీస్ హాస్టల్ బోర్డులు ఓసారి చూడు. అకామడేషన్ అనే మాటకి ఒకడు ఒక సీ మింగేస్తాడు, ఒకడు ఒక ఎమ్ మింగేస్తాడు, రెండూ మింగినవాళ్ళూ ఉంటారు. మాటని విప్పితే ముక్కలు మూడు: ఆడ్, కామ్, మోడస్. ఆడ్ చివరి డీ పక్కనున్న సీని చూసి తానూ సీ అయింది, కాబట్టి సీలు రెండు. కామ్ చివర ఒక ఎమ్, మోడస్ మొదట ఒక ఎమ్, కాబట్టి ఎమ్‌లు రెండు. ఇక జన్మలో తప్పు రాయవు. ఇమిగ్రెంట్, ఎమిగ్రెంట్ తేడా కూడా అలాగే. మొదటిది ఇన్ కలిసి లోపలికి వచ్చినవాడు, సంధి వల్ల ఎమ్‌లు రెండు. రెండోది ఎక్స్‌కి పొట్టి రూపమైన 'ఇ' చేరి బయటికి పోయినవాడు, అక్కడ ఒకటే ఎమ్. ఎస్సెస్సీ పేపర్లలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తికమక పెట్టడం మామూలే.

ఇప్పుడు జాగ్రత్తలు చెప్పాలి, లేకపోతే నేనే నిన్ను ముంచినవాణ్ణవుతాను.

ఇన్‌కి రెండు అర్థాలున్నాయి, 'కాదు' అనీ, 'లోపలికి' అనీ. గాజువాక వైపు వెళ్ళే ఆయిల్ ట్యాంకర్ వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటుంది. ఇన్ అంటే కాదు, అంటే అంటుకోదు అనుకుని దాని పక్కన అగ్గిపుల్ల గీస్తే పరీక్ష రాయడానికి ఉండవు. అక్కడ ఇన్ అంటే మంటలోకి అని. ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా అర్థం ఒకటే.

అలాగే పెడ్. పెడెస్ట్రియన్, పెడల్ మాటల్లో ఉన్నది లాటిన్ పాదం, మన పాదానికి బంధువే. కానీ కేజీహెచ్ ఆసుపత్రిలో పీడియాట్రిక్స్ పాదాల వార్డు కాదు, పిల్లల వార్డు. అది గ్రీకు మాట, పిల్లవాడని అర్థం. ఇంగ్లిష్‌లో గ్రీకు కూడా బోలెడుంది. ఫోటో, గ్రాఫ్, లాజీ, బయో, ఫోబియా అన్నీ గ్రీకే. మీ జిరాక్స్‌లో రెండూ కలగాపులగంగా ఉండి ఉంటాయి, పరీక్ష వరకు దాంతో నష్టం లేదు. టెలివిజన్ పేరు పెట్టినవాడే సగం గ్రీకు, సగం లాటిన్ అతికించాడు.

పోలిక కనబడిన ప్రతిచోటా చుట్టరికం ఉందనుకోవద్దు. పగలుని ఇంగ్లిష్‌లో డే అంటారు, లాటిన్‌లో డియెస్ అంటారు. అర్థం ఒకటే, ధ్వని దగ్గర, అయినా రెండింటికీ ఏ సంబంధమూ లేదని భాషావేత్తలు తేల్చారు. వాట్సాప్‌లో తిరిగే 'ఇంగ్లిష్ మాటలన్నీ మన నుంచే వెళ్ళాయి' రకం మెసేజ్‌లు చదివి నవ్వుకో, నోట్స్‌లో మాత్రం రాసుకోకు. అనుమానం వస్తే ఎటిమ్‌ఆన్‌లైన్ అనే సైట్ ఉంది, డబ్బులక్కర్లేదు, మాట కొడితే పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త, రూటు చెప్పేది పాత అర్థం. మ్యానుఫ్యాక్చర్‌లో ఉన్నది చేత్తో చెయ్యడం. ఇవాళ మ్యానుఫ్యాక్చరింగ్ అంటే యంత్రాలే. ప్లంబర్ అంటే సీసం పనివాడు. రోమన్ల నీటి గొట్టాలు సీసంతో చేసేవారు, సీసం లాటిన్ పేరు ప్లంబమ్. కెమిస్ట్రీలో సీసానికి పీబీ అని గుర్తు పెట్టడం అందుకే. ఇప్పుడు గొట్టాలన్నీ ప్లాస్టిక్, ప్లంబర్ మాత్రం ప్లంబరే. క్యాండిడేట్ అంటే తెల్లబట్టల మనిషి. రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్ళు సున్నపు మట్టి రాసి మెరిపించిన తెల్ల వస్త్రం కప్పుకుని ఓట్లు అడిగేవారు. మన నాయకుల ఖద్దరు చొక్కాలు చూస్తే రోమ్ మరీ అంత దూరం అనిపించదు. కానీ హాల్‌టికెట్ మీద నిన్ను క్యాండిడేట్ అన్నారని తెల్లచీర కట్టుకుని వెళ్ళవు కదా. ప్యాసేజ్‌లో మాట వచ్చినప్పుడు చుట్టూ ఉన్న వాక్యమే చివరి మాట. రూటు ఒకటి చెప్పి వాక్యం ఇంకొకటి చెబితే వాక్యాన్నే నమ్ము.

పద్ధతి సంగతి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. ఒక్కో రూటుకి ఒక్కో పేజీ వదులు. పేజీ పైన రూటు, పక్కన నీకు ముందే తెలిసిన మాట ఒకటి, వీలైతే దాని సంస్కృత చుట్టం. అంతే. మిగతా పేజీ ఖాళీగా ఉంచు. నింపాల్సింది జిరాక్స్ చూసి కాదు. మీ ద్వారకానగర్‌లోనే పౌర గ్రంథాలయం ఉంది. సాయంత్రం క్లాసు అయ్యాక వెళ్ళి ఇంగ్లిష్ పేపర్‌లో ఎడిటోరియల్ ఒక్కటే చదువు. తెలియని మాట తగిలితే విప్పడానికి ప్రయత్నించు, అర్థం ఊహించు, ఆ తర్వాతే డిక్షనరీ చూడు. ఊహించకుండా చూసిన మాట నిలవదు. ఊహించి తప్పినది మాత్రం గట్టిగా నిలుస్తుంది. మాటని అది దొరికిన వాక్యంతో సహా ఆ రూటు పేజీలో ఎక్కించు. పేజీలు వాటంతట అవే నిండుతుంటే, అప్పుడు జిరాక్స్ తీసి చూడు. అందులో సగం నీకు తెలిసినవే అయి ఉంటాయి.

రోజంతా దీని మీదే కూర్చోకు. సీజీఎల్ టియర్ వన్‌లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు. అందులో గ్రామర్ ఉంది, ప్యాసేజ్ ఉంది, ఇడియమ్స్ ఉన్నాయి. ఇడియమ్స్‌కి లాటిన్ ఎందుకూ పనికిరాదు, వాటిని వాడుకలోనే పట్టుకోవాలి. రూట్స్‌కి రోజూ అరగంట చాలు. పరీక్ష హాల్లో రూటు నీకు జవాబు చెప్పకపోయినా, నాలుగింటిలో రెండు ఆప్షన్లు కొట్టేయడానికి పనికొస్తుంది. మిగిలిన రెండింటిలో ఒకటి ఎంచుకోవడం గుడ్డిగా గీయడం కన్నా చాలా నయం. తప్పు జవాబుకి అరమార్కు పోతుంది, ఒప్పుకి రెండు వస్తాయి, లెక్క నువ్వే చూసుకో. ఏ ముక్కా పోల్చుకోలేని మాటైతే వదిలేసి ముందుకి వెళ్ళు.

చివరగా ఉప్పు సంగతి. శాలరీ లాటిన్ సలారియం నుంచి వచ్చింది, అందులో సాల్ అంటే ఉప్పే. అంతవరకు మీ సార్ చెప్పింది ఖాయం. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత కూడా జీతాలకి ఆ పేరు ఉప్పు వల్లనే వచ్చిందన్నాడు. సైనికులకి ఉప్పు తూచి జీతంగా ఇచ్చేవారని మాత్రం ఆయన రాయలేదు. ఉప్పు కొనుక్కోవడానికిచ్చిన డబ్బు అనేది కూడా తర్వాతివాళ్ళు చేసిన ఊహే. ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట మనకీ ఉంది కాబట్టి ఆ కథ మనకి ఇట్టే నచ్చేస్తుంది. క్లాసులో సార్‌తో దీని మీద వాదన పెట్టుకోకు, ఎస్సెస్సీ వాళ్ళు ఇది అడగరు.